రాజుకి కల వచ్చేదాకా

సత్యనారాయణ వ్రతకథలో ఒక కాన్సులర్ కేసు ఉంది. అన్నవరంలో రత్నగిరి మీద ఆ కేసు రోజూ వందలసార్లు, కార్తీకంలో అయితే వేలసార్లు చదువుతారు. వినేవాళ్ళ మనసు పిల్లల ఆకలి మీదో, విస్తరాకు పొట్లంలో ప్రసాదం మీదో, కిందికి దిగే బస్సు మీదో ఉంటుంది కాబట్టి ఆ ఫైలు తెరిచి చూసేవాళ్ళు తక్కువ. ఒకసారి తెరుద్దాం.

కథ అందరికీ తెలిసిందే. సాధువు అనే వర్తకుడు బిడ్డ పుడితే వ్రతం చేస్తానంటాడు. పుట్టాక, పిల్ల పెళ్ళికి చేస్తానంటాడు. పెళ్ళయ్యాక మర్చిపోతాడు. అల్లుణ్ణి వెంటబెట్టుకుని వ్యాపారానికి రత్నసారపురం వెళ్తాడు. అక్కడ చంద్రకేతు మహారాజు సొమ్ము ఎత్తుకెళ్తున్న దొంగలు, భటులు వెంటపడేసరికి ఆ సొమ్ముని వీళ్ళ బస దగ్గర పడేసి పారిపోతారు. మామా అల్లుళ్ళని కట్టి తీసుకెళ్ళి చెరసాలలో వేస్తారు. సరుకంతా జప్తు. ఇక్కడ ఇంటి దగ్గర భార్య లీలావతి, కూతురు కళావతి ఉన్నది దొంగల పాలై, తిండికి ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక రాత్రి కళావతి ఎవరింట్లోనో వ్రతం చూసి వస్తుంది. తల్లీకూతుళ్ళు తామూ చేస్తారు. స్వామి చంద్రకేతుడి కలలో కనబడి, వాళ్ళు నిర్దోషులని చెప్తాడు. తెల్లారేసరికి విడుదల.

భక్తికథగా దీని పని మొక్కు తీర్చుకోమని చెప్పడం. ఆ పని అది బాగానే చేస్తుంది. కానీ కథ చెప్పినవాడెవరో పరాయి ఊళ్ళో ఇరుక్కోవడం అంటే ఏమిటో బాగా తెలిసినవాడు. మూడు సంగతులు గమనించండి. ఒకటి, బందీలు మాట్లాడతారు గానీ, స్వామి మాయ వల్ల వాళ్ళ మాట ఎవరి చెవికీ ఎక్కదు. రెండు, ఇంటికి కబురు రాదు. కళావతికి తెలిసిందల్లా నాన్నా, మొగుడూ తిరిగి రాలేదని. మూడు, విచారణ లేదు. విడుదల కావాలంటే రాజుకి కల రావాలి.

1963లో వియన్నాలో కుదిరిన కాన్సులర్ సంబంధాల ఒప్పందంలో 36వ అధికరణం చేసిన పని ఆ కలని ఒక ఉద్యోగంగా మార్చడం. పరాయి దేశంలో పట్టుబడ్డవాడికి తన దేశపు కాన్సులేట్‌కి కబురు పంపించుకునే హక్కు ఉందని అక్కడి అధికారులు అతనికి చెప్పాలి. అతను అడిగితే కబురు చెయ్యాలి. కాన్సులేట్ మనిషి వెళ్ళి కలవొచ్చు, మాట్లాడొచ్చు, లాయర్ని పెట్టొచ్చు. కుల్‌భూషణ్ జాధవ్ కేసులో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ అధికరణం మీద నడిచిందే.

సరే, కల ఉద్యోగమైంది. మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఎలా తేలుస్తాం? దౌత్య సిబ్బందిని ఖాళీలకి జతచేసే పద్ధతిని ఆధునికం చెయ్యాలన్న మాట వినబడినప్పుడల్లా నాకు మొదట ఆ చెరసాలే గుర్తొస్తుంది. ఆధునికం చెయ్యడం అంటే సాధారణంగా ఒక సాఫ్ట్‌వేర్, ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఒక అల్గారిదమ్. నా వృత్తి అదే కాబట్టి, ఆ అల్గారిదమ్‌కి మూలమైన రచన దగ్గర మొదలుపెడతాను.

*

అది ఏడు పేజీల వ్యాసం. 1962 జనవరిలో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీలో వచ్చింది. రాసినవాళ్ళు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ. విషయం కాలేజీ సీట్లు, పెళ్ళిళ్ళ నిలకడ. గణిత పత్రికలో వచ్చినా అందులో సమీకరణాలు కనబడవు, మామూలు ఇంగ్లీషు వాక్యాలే. చివర్లో రచయితలే ఆ సంగతి ఎత్తి, అంకెలూ రేఖాచిత్రాలూ లేకపోయినా ఇది గణితమేనంటారు. నా లెక్కలో అది మంచి వచనం కూడా. కథలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి: ఆశ, తిరస్కారం, వాయిదా, ముగింపు.

పద్ధతి మన పెళ్ళిళ్ళ పేరయ్యలకి అర్థమయ్యేదే. ప్రతి అబ్బాయీ తనకి నచ్చిన అమ్మాయిల్ని వరసగా రాసుకుంటాడు, ప్రతి అమ్మాయీ అబ్బాయిల్ని రాసుకుంటుంది. అబ్బాయిలు తమ జాబితాలో మొదటివాళ్ళని అడుగుతారు. అడిగినవాళ్ళలో మెరుగైనవాణ్ణి అమ్మాయి "చూద్దాం" అని ఆపుతుంది, మిగతావాళ్ళకి కుదరదంటుంది. కుదరదనిపించుకున్నవాడు జాబితాలో రెండో పేరు దగ్గరికి వెళ్తాడు. ఆ రెండో అమ్మాయికి ఇతను మెరుగనిపిస్తే, ఇంతకుముందు "చూద్దాం" అన్నవాణ్ణి వదిలేస్తుంది. ఇలా ఎవరూ కొత్తగా అడగాల్సిన అవసరం లేనంతవరకూ సాగుతుంది. తాంబూలాలు పుచ్చుకునేది ఆఖర్నే. ఈ వ్యాసం అందమంతా ఆ "చూద్దాం"లో ఉంది. ముందే మాటిచ్చేస్తే చిక్కు, ఇవ్వకుండా ఆపితే లెక్క కుదురుతుంది.

చివరికి వచ్చేదాన్ని వాళ్ళు స్థిరం అన్నారు. అంటే, తమకి కుదిరిన జతల్ని కాదని ఒకరితో ఒకరు లేచిపోవాలని ఇద్దరికీ అనిపించే జంట ఒక్కటి కూడా మిగలదు. అందరూ సుఖంగా ఉంటారని మాత్రం కాదు. పైగా సాధ్యమైన స్థిరమైన కుదుర్పులన్నిటిలోకీ, అడిగినవాళ్ళకి దక్కేది అతి మంచిది, అడిగించుకున్నవాళ్ళకి దక్కేది అతి తక్కువది. ఎవరు ముందు నోరు తెరుస్తారన్నదే ఫలితాన్ని మారుస్తుంది. ఇంత రాజకీయం ఉన్న గణితం తక్కువ.

అమెరికాలో డాక్టర్లని ఆసుపత్రులకి జతచేసే సంస్థ 1952 నుంచే దాదాపు ఇదే పని చేస్తోందని ఆల్విన్ రాత్ 1984లో చూపించాడు. 2012లో రాత్‌కీ షాప్లీకీ కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. గేల్ 2008లోనే పోయాడు. ఈమధ్య అమెరికా సైన్యం కూడా అధికారుల కోరికలూ, యూనిట్ల కోరికలూ రెండూ తీసుకుని ఇదే అల్గారిదమ్‌తో పోస్టింగులు కుదురుస్తోంది. అక్కడి విదేశాంగశాఖలో అయితే అధికారులు ఖాళీల జాబితా చూసి బిడ్లు వేస్తారు. కష్టమైన చోటికి వెళ్తే మూల జీతం మీద 35 శాతం దాకా అదనంగా ఇస్తారు. ఈ 35 శాతం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

*

మనకి రాయబారుల పోస్టింగు దూరపు వ్యవహారం. కానీ ఇదే యంత్రం చిన్న సైజులో అన్నవరం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఊరికి ఒక పక్క హైవే, రైల్వే స్టేషను. ఇంకో పక్క శంఖవరం దాటి లోపలికి వెళ్తే ఏలేశ్వరం, ఆపైన అడ్డతీగల, రాజవొమ్మంగి, అంటే ఏజెన్సీ. టీచర్ల బదిలీల సీజన్లో ఈ రెండు దిక్కుల మధ్య తేడా ఎంతో పాయింట్ల లెక్కలో కనిపిస్తుంది. బళ్ళని నాలుగు కేటగిరీలుగా విడగొట్టారు. మొదటి కేటగిరీలో పనిచేసిన ఏడాదికి 1 పాయింటు, రెండోదానికి 2, మూడోదానికి 3, నాలుగోదానికి 5. ఒకే బళ్ళో ఎనిమిదేళ్ళు నిండితే కదలాల్సిందే. దంపతులిద్దరూ ఉద్యోగులైతే అదనపు పాయింట్లు. 2025లో దీనంతటికీ ఒక చట్టమే వచ్చింది. పాయింట్ల వరసలో టీచర్లు వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటారు, పైనున్నవాళ్ళకి ముందు.

దీన్ని చిన్నచూపు చూడకూడదు. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం తప్ప ఇంకో అల్గారిదమ్ లేని రోజులున్నాయి. ఎవరి వెనక ఎవరున్నారో తెలియకుండా, ఎందుకు రాలేదో అడగడానికి దిక్కు లేకుండా బదిలీలు జరిగాయి. ఇప్పుడు లెక్క అందరికీ కనబడుతుంది, తప్పయితే అభ్యంతరం చెప్పొచ్చు. పేరూ పలుకుబడీ లేని టీచరుకి ఇది చిన్న విషయం కాదు.

కానీ గేల్-షాప్లీ వ్యాసం చదివిన కళ్ళతో చూస్తే, ఇందులో ఒక పక్షం నోరు మెదపదు. ఆ వ్యాసంలో రెండు జాబితాలున్నాయి, అమ్మాయికీ ఇష్టాలున్నాయి. మన కౌన్సెలింగులో బడికి ఇష్టాల్లేవు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అన్ని బళ్ళ తరఫునా ప్రభుత్వమే ఒక జాబితా రాసిపెట్టింది, అన్నిటికీ ఒకటే జాబితా: పాయింట్లు ఎక్కువున్నవాళ్ళు ముందు. అన్ని బళ్ళ ఇష్టమూ ఒకటే అయినప్పుడు ఆ గొప్ప అల్గారిదమ్ కాస్తా మామూలు క్యూ అయిపోతుంది. అది కూడా స్థిరమే. ఎందుకంటే లేచిపోవాలని ఎంత అనిపించినా బడి లేచిపోలేదు.

కోయ తప్ప ఇంకోటి రాని ఒకటో తరగతి పిల్లలున్న బడికి కోయ వచ్చిన టీచరు కావాలనుకోండి. ఆ సంగతి రాయడానికి కాలమ్ లేదు. ఒకప్పుడు ఆ కాలమ్ లాంటిది ఒకటుండేది, చాలా మొరటుగా: 2000 సంవత్సరం జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనంది. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. తీర్పు తప్పొప్పుల చర్చ వేరే. నేననేది ఒక్కటే, ఆ ప్రాంతం తన ఇష్టాన్ని వ్యవస్థకి చెప్పడానికి ఉన్న ఒకే ఒక వాక్యం అది. పోయాక ఇంకో వాక్యం రాయలేదు.

ఇంకో చిక్కు ఇంతకన్నా కఠినమైంది. 1986లో రాత్ నిరూపించిన ఒక ఫలితాన్ని గ్రామీణ ఆసుపత్రుల సిద్ధాంతం అంటారు. ఒక స్థిరమైన కుదుర్పులో సీట్లు నిండని ఆసుపత్రికి, ఇంకే స్థిరమైన కుదుర్పులోనూ అవి నిండవు. వచ్చే ఆ కొద్దిమంది డాక్టర్లు కూడా ప్రతిసారీ వాళ్ళే. అంటే పల్లెటూరి ఆసుపత్రికి డాక్టర్లు రాకపోవడం సాఫ్ట్‌వేర్ లోపం కాదు. అల్గారిదమ్ మార్చి దాన్ని బాగుచెయ్యలేం. జనం ఇష్టాలు మారాలి, లేదా నియమాల్నే పక్కన పెట్టాలి.

మన ప్రభుత్వాలకి ఈ సిద్ధాంతం పేరు తెలియకపోయినా సారం తెలుసు. అందుకే మంచి చోట్ల ఉన్న కొన్ని ఖాళీల్ని చూపించకుండా బ్లాక్ చేస్తారు. చూపిస్తే అందరూ అటే వెళ్తారని భయం. 2020 బదిలీల్లో సంఘాలు గొడవచేసింది దీనిమీదే. బ్లాక్ చెయ్యడం అంటే జాబితాలోంచి కోరికనే చెరిపెయ్యడం. అమెరికా వాడి 35 శాతం ఇంకో దారి: కోరికకి ధర కట్టి కొనుక్కోవడం. మన 5 పాయింట్లు మూడో దారి: ఇప్పుడు కొండమీద కష్టపడితే రేపు హైవే పక్కకి రావొచ్చన్న హామీ. మూడింటిలో ఏదీ ఆ ఊరిని ఇష్టపడేలా చెయ్యదు. పాయింట్ల పద్ధతయితే, ఆ ఊళ్ళో ఉండడాన్ని అక్కణ్ణుంచి బయటపడడానికి టిక్కెట్టుగా మార్చింది. ఆ బడి పిల్లలు ఎప్పుడూ ఎవరో ఒకరి ప్రయాణంలో మధ్య స్టేషనే.

*

ఇప్పుడు మళ్ళీ రాయబారుల దగ్గరికి వెళ్దాం. జతలు కుదర్చడం గురించి మాట్లాడేవాళ్ళు సరైన మనిషి, సరైన చోటు అంటుంటారు. స్వతంత్రం వచ్చిన కొత్తలో తెలుగు కుటుంబాల్లో పుట్టిన ఇద్దరి పోస్టింగులు ఈ మాటని రెండువైపుల నుంచీ పరీక్షిస్తాయి.

వి.వి. గిరి రైల్వే కార్మిక నాయకుడు, 1937 మద్రాసు మంత్రివర్గంలో కార్మిక మంత్రి. 1947లో ఆయన్ని సిలోనుకి హైకమిషనరుగా పంపారు. అక్కడ మనకున్న పెద్ద తగువు తేయాకు తోటల కూలీల గురించి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇదే జతకడుతుంది. అయినా ఆయన అక్కడుండగానే 1948లో సిలోను పౌరసత్వ చట్టం వచ్చి లక్షలమంది తోటకూలీల్ని ఏ దేశమూ లేనివాళ్ళని చేసింది. మనిషి సరైనవాడైనంత మాత్రాన చరిత్ర మాట వినదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి తలకిందులు. ఉపనిషత్తుల పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయం మాజీ వైస్ ఛాన్సలర్, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు, దౌత్య సర్వీసులో ఒక్కరోజు పనిచెయ్యనివాడు. 1949లో ఆయన్ని నాస్తిక రాజ్యమైన సోవియట్ యూనియన్‌కి రాయబారిగా పంపారు. ఏ కాలమ్ చూసినా ఇది తప్పుజత. అంతకుముందున్న విజయలక్ష్మీ పండిట్‌ని కలవని స్టాలిన్, ఈయన్ని 1950 జనవరిలో కలిశాడు, 1952లో వెళ్ళిపోయేముందు మళ్ళీ కలిశాడు. నెహ్రూ చేతిలో ఉన్నది ఇష్టాల జాబితా కాదు, మనుషుల్ని చదివే అలవాటు. అది ఒక్కోసారి ఫలిస్తుంది. పద్ధతిగా పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. చదివేవాడు మారితే అదే అలవాటు సిఫారసు ఉత్తరం అయిపోతుంది.

కాబట్టి నేను పాతకాలపు దొరల విచక్షణ కావాలనడం లేదు. అల్గారిదమ్ ఉండాలి. అయితే దానికి మనం ఏం చదివిస్తున్నామన్నది అసలు ప్రశ్న.

గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్, మస్కట్, దోహా వెళ్ళడం దశాబ్దాలుగా ఉన్నదే. కఫాలా పద్ధతిలో వీసా యజమానితో ముడిపడి ఉంటుంది, పాస్‌పోర్టు కూడా చాలాసార్లు అతని దగ్గరే. చెప్పకుండా ఇల్లు దాటితే పరారీ కేసు. పారిపోయిన మనిషి మీద దొంగతనం ఫిర్యాదు పెట్టడం కూడా గల్ఫ్ మీద వచ్చిన మానవహక్కుల నివేదికల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. చేయని దొంగతనం, జప్తయిన ఆస్తి, కబురందని ఇల్లు. రత్నసారపురం పెద్ద దూరమేం కాదు.

ఆవిడ ఎలాగో రాయబార కార్యాలయం కౌంటరు దాకా వచ్చిందనుకుందాం. మన విదేశాంగ సర్వీసులో చేరిన ప్రతి అధికారికీ ఒక విదేశీ భాష కేటాయించి నేర్పిస్తారు, అందులో నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. అరబ్బీ వచ్చిన అధికారి ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. వ్యవస్థ దృష్టిలో జత కుదిరింది. కానీ ఆ కౌంటరుకి రెండు భాషలు కావాలి. ఒకటి అవతలి పోలీసుతో మాట్లాడ్డానికి. రెండోది ఇవతలి మనిషి మాట వినడానికి.

"ఆయన చెయ్యి చేసుకున్నాడండి" అంటే కొట్టాడని. "చెయ్యి వేశాడండి" అంటే వేరే కేసు. క్రియ ఒక్కటి మారితే సెక్షన్ మారుతుంది. "ఇబ్బంది పెడుతున్నాడు" అని తల వంచుకుని అన్నప్పుడు అది జీతం ఆలస్యం గురించి కాదని తెలుగు ఇంట్లో పెరిగిన ఎవరికైనా తెలుస్తుంది. హిందీలోకి అది పరేషానీ అయి వస్తుంది. ఫారంలో చిన్నచిన్న ఇబ్బందులు అని పడుతుంది. పక్కనే ఎవరైనా తెలుగాయన ఉంటే దుబాసీగా సాయం చేస్తాడు. గల్ఫ్‌లో తెలుగు సంఘాలవాళ్ళు ఇలాంటి సాయం ఎంతో చేస్తున్నారు కూడా. కానీ ఆ మాట పరాయి మగవాడి ముందు ఆవిడ చెప్పగలదా? వ్రతకథలో బందీల మాట ఎవరికీ వినపడకపోవడానికి మాయ కావలసి వచ్చింది. కౌంటరు దగ్గర మాయ అక్కర్లేదు, భాష రాకపోతే చాలు.

*

సాహిత్య పత్రికలో ఈ గోలెందుకంటే, ఇది ఆఖరికి ఒక రచన సమస్యే. ప్రతి జతకుదుర్పు యంత్రం దగ్గరా మొదట ఒకరు కూర్చుని ఖాళీ గురించి నాలుగు లైన్లు రాస్తారు: హోదా, జీతం, చోటు, కావలసిన అర్హతలు. మిగతాదంతా లెక్క. ఆ నాలుగు లైన్లని ఎవరూ విమర్శకుడి కళ్ళతో చదవరు. అందులో పాత్రలెవరు? ఎవరి గొంతు వినబడుతోంది, ఎవరిది లేదు? రాజవొమ్మంగి బడి ఖాళీలో పిల్లల భాష లేదు. కౌంటరు ఖాళీలో కిటికీకి ఇవతల నిలబడే మనిషి లేదు. గేల్, షాప్లీలు రెండు పక్షాలతో కథ రాశారు, అది పెళ్ళి కథ కాబట్టి రెండు చాలు. ఉద్యోగానికి ఎప్పుడూ మూడో పక్షం ఉంటుంది. ఆ ఉద్యోగం ఎవరికోసం ఉందో, వాళ్ళు.

చెయ్యగలిగింది పెద్ద కష్టమేం కాదు. ఖాళీ వివరణ రాసేముందు గత మూడేళ్ళలో ఆ కౌంటరుకి ఎవరొచ్చారో, ఏ జిల్లాల నుంచి, ఏ పనిమీద వచ్చారో రిజిస్టరు తీసి చూడండి. ఆ లెక్క ప్రకారం కావలసిన భాషలు రాయండి, కనీసం ఒక మహిళా ఉద్యోగి తప్పనిసరి అయితే అదీ రాయండి. బడి విషయంలో తల్లిదండ్రుల కమిటీకి టీచర్ని ఎంచే అధికారం ఇవ్వకపోయినా, మాకు ఇలాంటివాళ్ళు కావాలి అని ఒక్క వాక్యం రాసే చోటివ్వండి, ఆ వాక్యానికి నాలుగు పాయింట్లివ్వండి. అప్పుడు కోయ నేర్చుకున్న టీచరుకి అది బయటపడే టిక్కెట్టు కాకుండా, ఉండిపోవడానికి కారణం కావచ్చు. ఇష్టాలు మారాలని సిద్ధాంతం చెప్పింది కదా, ఇష్టాలు మారేది ఇలాంటిచోటే.

దీనికి కొత్త అల్గారిదమ్ అక్కర్లేదు. 1962 నాటిదే చాలు. డేటాబేస్‌లో ఒక కాలమ్ పెంచడం మధ్యాహ్నం భోజనం లోపు అయిపోయే పని. ఆ కాలమ్‌లో ఏం రాయాలో కళావతిని అడగడమే ఇంతవరకూ ఎవరూ చెయ్యంది.